ఓదెలు పాతిన బోర్డు

మా కాలనీ కమాను పక్కన ఒక బోర్డు ఉండేది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. "ఇది నివాస ప్రాంతము. వాణిజ్య వాహనములు నిలుపరాదు. ఇట్లు, కాలనీ సంక్షేమ సంఘము." ఆ బోర్డు స్తంభాన్ని పాతింది ఓదెలే. గుంత తవ్వింది అతనే. ఇసుక, కంకర తన ట్రాక్టర్లో తెచ్చి, సిమెంటు కలిపి పోసిందీ అతనే. స్తంభం వంకర పోకుండా భుజం ఆనించి నిలబడి, అటుగా పోతున్న నన్ను పిలిచాడు.

"అక్కా, గీ వాణిజ్య అంటే ఏంది?"

"యాపారం, తమ్మీ. యాపారం జేసే బండ్లు ఈడ పెట్టద్దంట."

"మంచిగనే రాసిండ్రు. గా ఇటుకల లారీలోళ్లు తొవ్వకు అడ్డం బెట్టి సంపుతుండ్రు," అని స్తంభం మొదట్లో మట్టి వేసి కాళ్లతో తొక్కాడు.

అతని వెనకే, అతని ఇంటి ముందే నీళ్ల ట్యాంకరు నిలబడి ఉంది. దాని మాట అతనికి తట్టనే లేదు. అతని లెక్కలో వ్యాపారం అంటే దుకాణం, త్రాసు, బేరం. నీళ్లు పోసేవాణ్ని వ్యాపారి అంటారని వాళ్ల వంశంలో ఎవరికీ తెలియదు.

ఓదెలు గురించి చెప్పాలంటే ముందు ఈ నేల గురించి చెప్పాలి. తూంకుంట దాటి శామీర్‌పేట వైపు పోతుంటే కరీంనగర్ రోడ్డుకు ఆనుకుని ఉంటుంది మా కాలనీ. దానికి ఏదో పువ్వు పేరు పెట్టారు. ఆ పేరు నేను చెప్పను, చెబితే లేని మర్యాద ఇచ్చినట్టవుతుంది. తొంభైల్లో ఇది ప్లాట్లు కాకముందు ఓదెలు తండ్రి గాలయ్య జొన్న చేను. పక్కవాళ్లంతా అమ్ముకున్నాక నడుమ మిగిలిన చేనుకు దారి లేకుండా పోయింది, ఆయనా అమ్మక తప్పలేదు. అమ్మేటప్పుడు గాలయ్య రెండే అడిగాడట. చేను మొదలైన చోట, రోడ్డు మూల మీద, ఒక ప్లాటు తనకు ఉండాలి. చేనుకు వెనక ఉన్న బావి, దాని చుట్టూ ఉన్న కాస్త జాగా ఎవరికీ ఇవ్వడు. వచ్చిన డబ్బుతో ఇల్లు లేచింది, కొడుక్కు ట్రాక్టరు వచ్చింది.

మేము వాళ్ల ఎదురింటికి వచ్చేసరికి కాలనీలో ఇళ్లకంటే ముళ్లకంపలే ఎక్కువ. మా ఆయనకు మేడ్చల్ దగ్గర ఫ్యాక్టరీలో పని. నేను వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. నా పేరు దుర్గాబాయి అయినా కాలనీకంతా దుర్గక్కనే. ఒక్క సత్తమ్మకు మాత్రం వదినెను. సత్తమ్మ ఓదెలు భార్య. నేను నీళ్లకు ఏడుస్తుంటే మొదటి బిందె తెచ్చి గడపలో పెట్టింది ఆమే.

ఎందుకంటే ఇక్కడ నీళ్లు లేవు. ప్లాట్లు అమ్మినవాళ్లు చూపించిన బోర్లు ఎండాకాలం రాగానే దుమ్ము కక్కాయి. అప్పుడు ఓదెలు ట్రాక్టరుకు ట్యాంకరు తగిలించాడు. తండ్రి బావిలో నీళ్లు తోడి ఇంటింటికీ పోశాడు. పొద్దున్నే అందరికీ అందాలని ట్యాంకరు ముందే నింపి తన ఇంటి ముందు నిలిపేవాడు. ఎవరింట్లో బిందె ఖాళీ అయినా పోయి వాల్వు తిప్పుకుని పట్టుకోవడమే, అడిగేది లేదు. ఆ ట్యాంకరు నీడలో నులకమంచం వేసుకుని గాలయ్య పడుకునేవాడు. పొద్దు తిరిగినప్పుడల్లా మంచమూ తిరిగేది.

నీళ్లకు డబ్బులు తీసుకునేవాళ్లు, ఎందుకు అబద్ధం. డీజిల్ ఊరికే రాదు కదా. అయితే గాలయ్య ఒక కట్టు పెట్టాడు. పెళ్లింటికి, చావింటికి పోసిన నీళ్లకు చెయ్యి చాపొద్దని. ఓదెలు ఆ కట్టు ఎప్పుడూ తప్పలేదు. గోపాలరావు గారి తల్లి పార్వతీదేవి పోయినప్పుడు మే నెల. గోపాలరావు గారంటే మా కాలనీలో అందరికంటే పెద్ద ఇల్లు ఉన్నాయన, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగినాయన. ఆ రోజు ఓదెలు ట్యాంకరు పొద్దంతా వాళ్ల గేటు ముందే నిలబడింది. స్నానం చేయించడానికి, వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి, వంటకు, అన్నిటికీ గాలయ్య బావి నీళ్లే. అయిపోగానే ఓదెలు పోయి మళ్లీ నింపుకొచ్చాడు. గోపాలరావు గారు జేబులో చెయ్యి పెడితే "వద్దు సారూ, సావుకు తీస్కోము," అని బండి ఎక్కి వచ్చేశాడు. అది నివాస వాహనమా, వాణిజ్య వాహనమా అని ఆ రోజు అడిగినవాళ్లు ఒక్కరు లేరు.

తర్వాత నల్లాలు వచ్చాయి. రోజు మార్చి రోజు అయినా వచ్చాయి. కొంపల్లిలో పెద్ద పెద్ద ఇళ్లు లేచాయని, అక్కడి ధరలు ఇక్కడికీ వస్తాయని అందరికీ ఒకటే ఆశ. ఆదివారం వస్తే కార్లలో ప్లాట్లు చూసేవాళ్లు దిగేవాళ్లు. కాలనీ మొదట్లోనే తుప్పు పట్టిన ట్యాంకరు, దాని కింద మంచంలో గోచీ కట్టుకున్న ముసలాయన కనిపిస్తే వాళ్ల ముఖాలు మారిపోతున్నాయని సంఘం వాళ్లు బాధపడటం మొదలుపెట్టారు. బోర్డు రాయించింది అందుకు. ఇటుకల లారీల పేరు చెప్పి ఓదెలుతోనే పాతించారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బోర్డు తడి ఆరిన వారానికే సంఘం అధ్యక్షుడు గోపాలరావు గారు ఓదెలు ఇంటి ముందుకు వచ్చారు. నేను వరండాలో మిషను ఆపేసి విన్నాను.

"ఓదెలూ, ట్యాంకరు ఇక ఇక్కడ పెట్టకూడదు. బోర్డు చూశావు కదా."

"నేనే పాతిన గద సారూ. అది లారీలకు గదా?"

"కమర్షియల్ వెహికల్ ఏదైనా ఒకటే. రూలు అందరికీ సమానం."

"నా ఇంటి ముందట నేను పెట్టుకుంటున్న సారూ. ఎవ్వలకు అడ్డం లేదు."

"ఇల్లు నీది. రోడ్డు కాలనీది," అన్నారాయన. ఎంత నెమ్మదిగా అన్నారంటే పక్కన వినేవాళ్లకు ఏదో మంచి చెబుతున్నట్టే ఉంటుంది.

మంచంలోంచి గాలయ్య లేచి కూర్చున్నాడు. "రోడ్డు గూడ నేనే ఇచ్చిన బాంచెన్," అన్నాడు. గోపాలరావు గారు నవ్వి, పెద్దవాళ్ల మాటకు ఊ కొట్టినట్టు తలాడించి వెళ్లిపోయారు.

ఓదెలుకు ఒక తెలివి తోచింది. ఆ తెలివి రైతుకే తోస్తుంది. ట్రాక్టరుకు కాగితాలు వ్యవసాయం పేరు మీద ఉన్నాయి. వెనక ట్యాంకరు ఉంటేనే కదా వ్యాపారం! ట్యాంకరు తీసి బావి దగ్గర వదిలేసి, ఎన్నేళ్లుగానో మూలన పడి ఉన్న దుక్కి నాగళ్లు తెచ్చి ట్రాక్టరుకు తగిలించాడు. వాటికి నూనె రాశాడు, పసుపు కుంకుమ పెట్టాడు. ఇంటి ముందు నిలిపి, ఇప్పుడు ఎవడేమంటాడో చూస్తానని గడపలో కూర్చున్నాడు. గాలయ్య సంబరం చెప్పలేను. పోయి నాగళ్ల కర్రులను వేళ్లతో తడుముకున్నాడు.

సాయంత్రానికి సంఘం మొత్తం వచ్చింది.

"ఇది ఎవుసం బండి సారూ. యాపారం గాదు," అన్నాడు ఓదెలు.

"సరే, వ్యవసాయం ఎక్కడ చేస్తున్నావు?"

ఓదెలు వీధి పొడుగునా చెయ్యి చూపించాడు. "ఈడనే."

అందరూ పకపకా నవ్వారు. వాళ్ల ఇళ్లలో హాళ్లు, పడక గదులు ఉన్నచోట అతను జొన్న చల్లాడు, కంకులు కోశాడు. అతనేమీ హాస్యానికి అనలేదు. అక్కడ నవ్వనివాళ్లం ముగ్గురమే. అతను, సత్తమ్మ, నేను. గాలయ్య సంగతి చెప్పలేను, ఆయన కర్రుల వైపు చూస్తున్నాడు. నవ్వు ఆగాక గోపాలరావు గారు తీర్పు చెప్పారు. నివాస ప్రాంతంలో వాణిజ్యమూ కుదరదు, వ్యవసాయమూ కుదరదు.

ఆ మర్నాడు ఆయన భార్యకు జాకెట్టు కొలత తీసుకోవడానికి వాళ్లింటికి పోయాను. కింది అంతస్తులో ఆయన ట్యూషన్ సెంటరుకు అద్దెకిచ్చారు. పొద్దూకితే పిల్లల్ని దింపే కార్లు, స్కూటర్లు వీధి రెండు వైపులా నిండి, మా గేటు తెరవడానికి కూడా సందు ఉండదు. "మరి ఇది యాపారం కాదా సార్?" అని అడిగేశాను.

"అది విద్య అమ్మా," అన్నారు.

"నా మిషను?"

"మీది చేతిపని. మీ జోలికి ఎవరొస్తారు?"

ఎవరూ రాలేదు. వాళ్ల ఆడవాళ్ల జాకెట్లన్నీ నా దగ్గరే కుట్టాలి కదా. కిరాణా కొట్టు జోలికీ పోలేదు, పొద్దున్నే పాల ప్యాకెట్లు కావాలి. నల్లా వచ్చాక అక్కర తీరిపోయినవాడు ఒక్క ఓదెలే. వాణిజ్యం అనే మాటకు మా కాలనీలో అర్థం అంతే.

ఓదెలు ట్యాంకరును పెద్దరోడ్డు మీద దుకాణాల ముందు పెట్టాడు. అది వాణిజ్య ప్రాంతమే కదా అనుకున్నాడు. దుకాణాలవాళ్లు రెండు రోజులు ఓపిక పట్టి మీద పడ్డారు. "ఇది గిరాకీ బండ్లకు జాగ. నువ్వు రాత్రంత పెడితె పొద్దుగాల మా గిరాకీ ఏడ దిగాలె? మీ ఇంటికాడ పెట్టుకోరాదు?" ఇంటి దగ్గర వ్యాపారి, రోడ్డు మీద ఇంటివాడు. చివరికి బావి దగ్గరే పెడదామంటే బావికి పోయే దారిలో కొత్త ప్లాట్ల ప్రహరీ లేచింది, బండి పోవాలంటే ఆ ప్లాట్లవాళ్లు దయ తలచాలి. శామీర్‌పేట చెరువు దిక్కు ఒక ఖాళీ జాగాలో నిలిపి, సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వచ్చేవాడు. అక్కడ ఒకసారి బ్యాటరీ పోయింది, ఇంకోసారి డీజిల్. మనిషి సగమయ్యాడు. సత్తమ్మ పక్క కాలనీలో ఇళ్ల పనికి కుదిరింది.

గాలయ్యకు మాత్రం ఇవేవీ ఎక్కలేదు. పొద్దున్నే మంచం తెచ్చి పాత చోటే వేసుకునేవాడు. నీడ లేదు. "తాతా, ఎండల ఎందుకు, లోపటికి రారాదు?" అంటే, "బండి అస్తది బిడ్డా," అనేవాడు. సాయంత్రం కార్లు దిగే పిల్లలు మంచాన్ని తప్పుకుని పోతుంటే వాళ్ల తల్లులు ముక్కు మూసుకునేవాళ్లు. మంచానికి బోర్డు రాయించలేదు, అదే పుణ్యం.

ఒకరోజు గాలయ్య కొడుకుని పిలిచి చెప్పిన మాట నేను నా చెవులారా విన్నాను.

"కొడుకా, నేను సచ్చిననాడు నల్లా నీళ్లు పొయ్యకుండ్రి. నా బాయి నీళ్లు పొయ్యాలె. బండి ఇంటి ముందట నిలవెట్టి పొయ్యాలె. ఊరందరికి పోసినం, నాకు పొయ్యకుంటె ఎట్ల?"

"పోస్త నాయినా. బండి ఈడనే నిలవెడ్త," అన్నాడు ఓదెలు. అని, ఇటు తిరిగి తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. నిలబెట్టడానికి చోటు లేదని అతనికి తెలుసు, నాకు తెలుసు. ముసలాయనకే తెలియదు.

ఆ తర్వాత ఎండాకాలానికే గాలయ్య పోయాడు. తెల్లారకముందే సత్తమ్మ చాయ్ తీసుకుని పోతే లేవలేదు. చుట్టాలు వచ్చారు, డప్పులు వచ్చాయి. ఓదెలు సైకిలెక్కి చెరువు దిక్కు పోయాడు. ఎవరి కాళ్లు పట్టుకుని ప్రహరీ దాటించాడో ఏమో, బావి దగ్గర ట్యాంకరు నింపుకుని వచ్చాడు.

అప్పటికి కమాను దగ్గర గొలుసు, గొలుసు దగ్గర వాచ్‌మన్ ఉన్నారు. వాచ్‌మన్ గొలుసు తీయలేదు. పాపం, తీస్తే వాడి కొలువు పోతుంది. సార్ని అడగాలన్నాడు. డప్పుల చప్పుడు విని అప్పటికే గోపాలరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తున్నారు. నేనూ వెనకే పోయాను. ఆయన పైకి చెయ్యి చాచి, ట్రాక్టరు మీదున్న ఓదెలు భుజం మీద వేశారు.

"పెద్దాయన పోయారట, చాలా విచారం. చూడు ఓదెలూ, ఇవాళ ఒక్కరోజుకు స్పెషల్‌గా పర్మిషన్ ఇస్తున్నాం. లోపలికి తెచ్చుకో. కానీ గంటలో తీసెయ్యాలి, ఆఫీసులకు పోయేవాళ్ల కార్లు కదలాలి. మళ్లీ దీన్ని అడ్డం పెట్టుకుని రేపు మామూలుగా పెట్టకూడదు."

వాచ్‌మన్ గొలుసు దించాడు. దారి తెరుచుకుంది. అక్కడి నుంచి ఓదెలు ఇల్లు కనిపిస్తూనే ఉంది, మంచంలో గాలయ్య కనిపిస్తూనే ఉన్నాడు. తండ్రికి ఇచ్చిన మాట నిలబడాలంటే బండి గేరు వేస్తే చాలు. వేస్తాడనే అనుకున్నాను.

ఓదెలు ట్రాక్టరు ఇంజన్ ఆపేశాడు.

"వద్దు సారూ," అన్నాడు. "మీ అమ్మ సచ్చిననాడు నేను మీకు పరిమిషన్ ఇయ్యలె. నీళ్లిచ్చిన. మా నాయినకు పరిమిషన్ నీళ్లు పొయ్య."

గోపాలరావు గారి చెయ్యి అతని భుజం మీది నుంచి జారింది. ఓదెలు బండి దిగి ఇంటికి నడిచాడు. "పట్టుండ్రి," అని మంచం తల వైపు తనే ఎత్తాడు. చుట్టాలకు అర్థం కాలేదు. సత్తమ్మ మంచం పట్టె పట్టుకుని గుంజింది.

"పిస్స లేసిందా నీకు? ఇంటి ముందట గాక రోడ్డు మీద పోస్తరా స్నానం? నలుగురు ఏమంటరు?"

"గా బోర్డు కాడ మన శేను మొదలే. నాయిన ఒడ్డు ఏసింది ఆడనే. ఇంటికంటె ముందుగాల అదే మనది. పట్టు."

మంచం లేచింది. గాలయ్యను కమాను దాటించి, బోర్డు కింద దించారు. బోర్డు నీడ ఆయన ముఖం మీద సరిగ్గా పడింది. ఎన్నాళ్లకో ఆయనకు నీడ దొరికిందని నేను అక్కడే నోరు తెరిచి ఏడ్చాను. ఓదెలు వాల్వు తిప్పాడు. బావి నీళ్లు బిందెల్లో పట్టి, రాళ్ల పొయ్యి మీద కాచి, పసుపు కలిపి పోశారు. లోపలి నుంచి ఆఫీసులకు బయల్దేరిన కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. మొదటి కారాయన హారన్ కొట్టబోయి, ఏం జరుగుతోందో చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కార్లలోవాళ్లలో ఆ నీళ్లు తాగనివాళ్లు ఎందరు? ఒక్కరైనా దిగి ఒక చెంబు పోస్తారేమోనని నేను చూస్తూనే ఉన్నాను. అద్దాలు కూడా దించలేదు.

చావుకు తెచ్చిన నీళ్లు ఇంటికి మళ్లించరు. పాడె లేచేముందు ఓదెలు వాల్వు పూర్తిగా తిప్పి వదిలేశాడు. కమాను దగ్గర నేల కాస్త ఎత్తు. నీళ్లన్నీ కాలనీలోకే మళ్లి, కార్ల చక్రాల కింది నుంచి వీధి పొడుగునా పారాయి. ఇదివరకు బావి నుంచి ఈ ఎత్తుకు తోడి వదిలితే ఆ నీళ్లు జొన్న చేనుకు పారింది కూడా అటే.

ఆ ఏడాదే ఓదెలు ట్రాక్టరు అమ్మేశాడు. తర్వాత ఇల్లూ అమ్మి, సత్తమ్మ పుట్టింటి వైపు, కీసర దగ్గరికి పోయాడు. అక్కడ ఎవరి ట్రాక్టరో తోలుతున్నాడని విన్నాను. పోయేముందు సత్తమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఓదెలు మాత్రం "పోతున్న అక్కా," అని ఒక్క ముక్క అని వెళ్లిపోయాడు.

ఇల్లు ఎవరు కొన్నారో మొదట ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి గోడలు నేలమట్టమై, పునాదులు లేస్తున్నాయి. కొన్నది గోపాలరావు గారి అల్లుడు. ఇప్పుడక్కడ మూడంతస్తుల భవనం, కింద వరసగా షట్టర్లు. మందుల షాపు, బేకరీ, ఫోన్ల దుకాణం. రోడ్డు మూల కాబట్టి అది నివాస ప్రాంతంలోకి రాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం అయ్యాక బోర్డును కాలనీ లోపలికి, భవనం అవతలికి జరిపారు.

జరపడం అంత సులువు కాలేదు. ఇద్దరు కూలీలు పొద్దంతా గడ్డపారలతో పొడిచినా స్తంభం కదలలేదు. ఓదెలు సిమెంటు తక్కువ వేసే మనిషి కాదు. చివరికి మొదట్లో కోసి పైది తీసుకుపోయారు. జానెడు ఇనుప మొద్దు నేలలోనే మిగిలింది. ఇప్పుడది బేకరీకి వచ్చే కార్లు ఆగేచోట, రెండు కార్ల నడుమ ఉంటుంది. బట్టల మూట ఎత్తుకుని పోయేటప్పుడు నా కాలికి తరచూ తగులుతుంది. తగిలినప్పుడల్లా అక్కడే నిలబడి తిడతాను, కార్లవాళ్లకు వినిపించేలాగే తిడతాను. ఓదెలును మాత్రం కాదు.